ఈఈజీ నార్మల్ వస్తే ఫిట్స్ లేనట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. డిసెంబరులో సెమిస్టర్ పరీక్షలప్పుడు ఒకరోజు పొద్దున్నే బ్రష్ చేసుకుంటూ పడిపోయింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయని, నోట్లో నురగ వచ్చిందని, నాలుక కరుచుకుందని రూమ్మేట్లు చెప్పారు. పరీక్షల టెన్షన్ అనుకున్నాం. శివరాత్రికి ఇంటికొచ్చి జాగారం చేసింది. తెల్లారాక మళ్లీ అలాగే పడిపోయింది. ఈసారి నా కళ్లముందే. మా ఊళ్లో డాక్టరుగారు సీటీ స్కాన్, ఈఈజీ తీయించారు. రెండూ నార్మల్. ఫెనిటోయిన్ మాత్రలు రాశారు. మాత్రలు మొదలుపెట్టాక పెద్ద ఫిట్స్ రాలేదు గానీ, పొద్దునపూట చేతులు ఉలిక్కిపడ్డట్టు అదరడం ఎక్కువైంది. మొన్న కాఫీ గ్లాసు చేతిలోంచి ఎగిరిపడింది. ఈ అదురు ఇంటర్ నుంచే కొద్దికొద్దిగా ఉంది. నీరసమనుకుని డాక్టరుగారికి కూడా చెప్పలేదు. మా ఆడపడుచు గాలి సోకిందంటుంది, తాయెత్తు కట్టించమంటుంది. రేపు సంబంధాలు చూడాలి కాబట్టి ఎవరికీ చెప్పొద్దని మావారు అంటున్నారు. మా మరిది కొడుక్కి ఫిట్స్ వస్తే రెండేళ్లు వాడి మందులు ఆపేశారు. మా అమ్మాయికి ఎన్నాళ్లు వాడాలి? ఈఈజీ నార్మల్ కదా, అసలిది మూర్ఛేనా? స్కూటీ కావాలని గొడవ చేస్తోంది, కొనివ్వొచ్చా?
– ఓ తల్లి, నరసరావుపేట

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే విషయం కాఫీ గ్లాసు సంగతి. మీరు దాన్ని మాటల్లో మాటగా అనేసి ముందుకెళ్లిపోయారు. స్కాన్, ఈఈజీ రిపోర్టుల కన్నా నాకు అదే ఎక్కువ చెప్పింది.

ఉత్తరం చదివి జబ్బు ఖాయం చేయకూడదు, చేయను. కానీ మీరు చెప్పిన వరస చూడండి. పదిహేను పదహారేళ్ల వయసులో మొదలైంది. నిద్ర లేచిన గంటా గంటన్నర లోపే వస్తోంది. భుజాలు, చేతులు ఒక్క కుదుపు కుదుపుతాయి, చేతిలో ఉన్నది జారిపడదు, విసిరేసినట్టు పోతుంది. ఆ సమయంలో స్పృహ మాత్రం ఉంటుంది. తర్వాత, నిద్ర లేని రాత్రి గడిచిన పొద్దున పెద్ద ఫిట్స్. ఒకసారి పరీక్షల రాత్రి, ఒకసారి శివరాత్రి. పుస్తకాల్లో ఉన్నది ఉన్నట్టుగా ఇది ‘జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ’ అనే రకం మూర్ఛలా కనబడుతోంది. ముద్దుగా జేఎంఈ అంటారు. ఇదేమీ అరుదైన జబ్బు కాదు, మూర్ఛ ఉన్నవాళ్లలో నూటికి ఐదు నుంచి పదిమందిది ఈ రకమే. తెలివితేటలకు, చదువుకు దీనివల్ల అడ్డు ఉండదు. సరైన మందు పడితే ఎక్కువమందిలో బాగా అదుపులోకి వస్తుంది. చిక్కల్లా అది ఈ రకమని గుర్తుపట్టడంలోనే. పొద్దుటి అదురును ఎవరూ జబ్బు కింద లెక్కేయరు. నీరసమనో, రక్తం తక్కువనో, రాత్రంతా ఫోన్ చూసిందనో అనుకుంటారు. తనంతట తాను వచ్చి డాక్టరుకు చెప్పే పిల్ల ఉండదు, అడగాలి. అడిగితే ‘అవును, దువ్వెన కూడా పడిపోతుంటుంది’ అంటారు.

ఇక ఈఈజీ సంగతి. మెదడులో నడిచే విద్యుత్తును ఓ ఇరవై ముప్పై నిమిషాలు రాసి చూపించే పరీక్ష అది. ఆ కాస్త సమయంలో తేడా కనబడితే కనబడుతుంది, లేకపోతే లేదు. వీధి చివర అరగంట నిలబడి, దొంగ కనబడలేదు కాబట్టి ఊళ్లో దొంగలే లేరన్నట్టు ఉంటుంది, నార్మల్ ఈఈజీ చూపించి మూర్ఛ లేదనడం. నిజంగా మూర్ఛ ఉన్నవాళ్లలో కూడా మొదటిసారి తీసిన మామూలు ఈఈజీ దాదాపు సగం మందికి నార్మల్‌గానే వస్తుంది. సీటీ స్కాన్ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది, పనితీరును కాదు. జేఎంఈలో ఆకారం బాగానే ఉంటుంది, ఎమ్మారై తీసినా నార్మల్ రావడమే మామూలు.

మరి మూర్ఛ అని దేన్నిబట్టి తేలుస్తారు? జరిగింది వినిపించే కథను బట్టి. జ్వరం, షుగర్ పడిపోవడం, తలకు దెబ్బ లాంటి తక్షణ కారణం లేకుండా 24 గంటలకు పైగా ఎడంతో రెండుసార్లు ఫిట్స్ వస్తే మూర్ఛ కిందికే వస్తుంది. ఒక్కసారే వచ్చినా, మళ్లీ వచ్చే అవకాశం గట్టిగా ఉందని పరీక్షల్లో తేలితే అప్పుడూ మూర్ఛ అనే అంటారు. రాత్రి జాగారాన్ని ‘తక్షణ కారణం’ కింద తీసేయడానికి లేదు. ఆ రాత్రి గుడిలో జాగారం చేసినవాళ్లంతా పడిపోలేదు కదా. నిద్ర లేకపోవడం అగ్గిపుల్ల గీసిందంతే, లోపల అంటుకునే గుణం ముందే ఉంది.

కళ్లు తిరిగి పడిపోవడాన్ని కూడా చాలామంది ఫిట్స్ అనుకుంటారు. ఎండలో క్యూలో నిలబడి ఉండగా చెమటలు పట్టి, కళ్లు చీకట్లు కమ్మి, ఒరిగిపోవడం, నేలమీద ఒకట్రెండు కుదుపులు, నిమిషంలోపే లేచి ‘ఏమైంది’ అని అడగడం – ఇది మూర్ఛ కాదు. మీ అమ్మాయికి నాలుక తెగింది. పక్క అంచున తెగిందేమో అడగండి, ఫిట్స్‌లో అలాగే తెగుతుంది. లేచాక అరగంటసేపు ఎవరు ఏం అడిగినా అయోమయంగా చూసిందా? ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులన్నదా? బట్టల్లో మూత్రం పోయిందా? చూసినవాళ్లు మీరు, రూమ్మేట్లు. డాక్టరు చూడలేదు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మొదటిసారి చూసిన రూమ్మేట్‌తో ఫోన్లో మాట్లాడించండి. పొద్దున అదురుతున్నప్పుడు ఫోన్లో వీడియో తీసి తీసుకెళ్లండి. ఆ పది సెకన్ల వీడియోకున్న విలువ మీరు ఇప్పటిదాకా పెట్టిన ఏ పరీక్షకూ లేదు.

ఈ కథ అడగడంలో ఎంతెంత వింతలు బయటపడతాయో చెప్పాలంటే ఒక్కటి చాలు. తలమీద వేడినీళ్లు పోసుకుంటున్నప్పుడు మాత్రమే వచ్చే మూర్ఛ ఒకటుంది. మన దక్షిణాదిలో, అందునా కర్ణాటకలో బాగా నమోదైంది. తలస్నానం రోజునే వస్తోందని ఇంట్లోవాళ్లు గమనించి చెప్తే తప్ప ఏ స్కానూ ఆ ముక్క చెప్పదు.

ఇప్పుడు మందు విషయం, ఇది కాస్త శ్రద్ధగా చదవండి. ఫెనిటోయిన్ పాత మందు, మంచి మందే. కార్బమజెపైన్ కూడా అంతే. మెదడులో ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కు బాగా పనిచేస్తాయి. కానీ జేఎంఈలో ఈ రెండూ పొద్దుటి అదురును పెంచే అవకాశం ఉంది. మాత్రలు మొదలుపెట్టాక అదురు ఎక్కువైందని మీరు రాసింది దీనికి సరిపోతోంది. మీ డాక్టరుగారిని నేను తప్పుపట్టను. అదురు సంగతి చెప్పకుండా పెద్ద ఫిట్స్ ఒక్కటే చెబితే ఆ మందు రాయడంలో వింతేమీ లేదు.

ఇది చదివి ఈ రాత్రే ఫెనిటోయిన్ ఆపేయకండి. నిలువునా ఆపేస్తే ఒకదాని వెంట ఒకటి ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, అది ప్రాణం మీదికి వస్తుంది. కొత్త మందు మొదలుపెట్టి, అది కుదురుకుంటుండగా పాతది నెమ్మదిగా తగ్గిస్తారు. ఆ పని న్యూరాలజిస్టుది. మీకు దగ్గర్లో గుంటూరు పెద్దాసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. అమ్మాయి హైదరాబాద్‌లోనే ఉంటుంది కాబట్టి నిమ్స్‌లో చూపించుకున్నా సరే. ఈ వారమే వెళ్లండి, పరీక్షలయ్యాక చూద్దామనుకోవద్దు. ఈఈజీ మళ్లీ తీస్తారు. ఈసారి ముందు రాత్రి తక్కువ నిద్రపోయి రమ్మనవచ్చు, తీస్తుండగా లైటు టకటకా వెలిగించి ఆర్పుతారు, గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు. దాగి ఉన్న తేడాను బయటికి లాగడానికే ఇదంతా. నూనె లేకుండా తలస్నానం చేసి వెళ్లాలి.

జేఎంఈకి అన్నిటికంటే గట్టిగా పనిచేసే మందు వాల్‌ప్రొయేట్. కానీ మీది ఆడపిల్ల కాబట్టి ఇక్కడ ఆగి ఆలోచించాలి. గర్భంతో ఉన్నప్పుడు ఈ మందు వాడితే పుట్టే పిల్లల్లో నూటికి సుమారు పదిమందికి అవయవ లోపాలు వస్తాయి. మామూలుగా అయితే ఆ సంఖ్య రెండో మూడో. అంతకంటే ఎక్కువమందిలో, నూటికి ముప్పై నలభై మందిలో, ఎదుగుదల, మాట, చదువు వెనకబడతాయి. బరువు పెరగడం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం సరేసరి. అందుకని పెళ్లీడు ఆడపిల్లలకు ముందు లెవెటిరాసెటామ్‌తోనో లామోట్రిజిన్‌తోనో ప్రయత్నిస్తారు. లెవెటిరాసెటామ్ త్వరగా పనిచేస్తుంది, కొందరిలో మాత్రం చిరాకు, కోపం, దిగులు పెరుగుతాయి. మాత్ర మొదలుపెట్టాక అమ్మాయి అయినదానికీ కానిదానికీ కసురుకుంటుంటే పొగరనుకోకండి, డాక్టరుకు చెప్పండి. లామోట్రిజిన్‌ను వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచాలి. ఒంటిమీద దద్దుర్లు కనబడితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఒక్కోసారి ఇది అదురును పెంచుతుంది కూడా. ఏది సరిపోతుందో మీ డాక్టరు తేలుస్తారు. ‘ఈ మందు రేపు గర్భం వచ్చినప్పుడు సంగతేంటి?’ అని మాత్రం మీరే నోరు తెరిచి అడగండి, పెళ్లి కాని పిల్లని మొహమాటపడకండి. లెవెటిరాసెటామ్ జన్ ఔషధి దుకాణాల్లోనూ దొరుకుతుంది, ఖర్చు బాగా తగ్గుతుంది. కాకపోతే ఫిట్స్ మందుల్లో కంపెనీ తరచూ మార్చకపోవడం మంచిది. ఒకటి కుదిరితే దాన్నే వాడండి.

మీ ఆడపడుచుగారి మాట. తాయెత్తు కట్టించుకుంటే నష్టం లేదు, మాత్రలు మానకపోతే చాలు. గుడికి వెళ్లాలనుకుంటే వెళ్లండి, మాత్ర వేసుకుని వెళ్లండి. ‘ఫిట్స్‌కు నాటు మందు’ అంటూ అమ్మే పొడుల జోలికి మాత్రం పోవద్దు. అలాంటి వాటిలో ఫినోబార్బిటాల్ లాంటి పాత ఫిట్స్ మందునే పేరు చెప్పకుండా కలిపిన సందర్భాలు పరీక్షల్లో బయటపడ్డాయి. ఎంత మోతాదులో కలిపారో ఆ అమ్మేవాడికే తెలియదు. పొడి మానిన రోజున ఫిట్స్ తిరగబడతాయి.

చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, ఇనుప ముక్క పట్టించడం – శివరాత్రి పొద్దున మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు పరుగెత్తి తాళాలు తెచ్చే ఉంటారు. తాళాలు పెట్టగానే ఆగిపోయిందనే నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందంటే, ఎక్కువ భాగం ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ సమయం అయిపోతుంది. పేరు తాళాలకు వస్తుంది. అందువల్ల హాని పెద్దగా లేకపోయినా, చేయాల్సిన పని వదిలేసి అందరూ తాళాల కోసం తిరగడమే హాని.

చేయాల్సింది ఇంతే. ముందు గడియారం చూడండి. కళ్లద్దాలు తీసేసి, మెడకు చుట్టుకున్న చున్నీ వదులు చేసి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, చున్నీ మడిచి పెట్టినా చాలు. మంచం అంచు, గ్యాసు స్టవ్వు, మెట్లు దగ్గర్లో ఉంటే మనిషిని కాస్త అవతలికి జరపండి. కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నురగ, ఎంగిలి బయటికి పోతాయి. నోట్లో చెంచా గానీ వేలు గానీ పెట్టొద్దు. నాలుక మింగేయడమనేది లేదు, చెంచా పెడితే పళ్లు విరుగుతాయి, వేలు పెడితే మీ వేలు పోతుంది. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవద్దు. పూర్తిగా తెలివి వచ్చేదాకా మంచినీళ్లు కూడా పోయొద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి మొదలైనా, దెబ్బ గట్టిగా తగిలినా, నీళ్లలో పడినా 108కి ఫోన్ చేయండి. ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే దొరుకుతుంది. ఇంట్లో, హాస్టల్లో ఒకటి ఉంచుకోవాలా, ఎన్ని పఫ్‌లు కొట్టాలి అన్నది డాక్టరునడిగి చీటీ మీద రాయించుకోండి.

పై పేరా అంతా రూమ్మేట్లకు తెలిసి ఉండాలి. ఇక్కడే మీవారి ‘ఎవరికీ చెప్పొద్దు’ అనే మాట అడ్డం వస్తోంది. ఊరందరికీ చెప్పమనడం లేదు. కానీ ఒకే గదిలో పడుకునే పిల్లలకు, హాస్టల్ వార్డెన్‌కు చెప్పకపోతే, ఈసారి ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో చెంచా పెట్టేది వాళ్లే. భయపడి పారిపోయేదీ వాళ్లే. డిసెంబరులో వాళ్లు చూశారు కూడా, కాబట్టి దాస్తున్నది వాళ్ల దగ్గర కాదు, వాళ్లతో మాట్లాడే అవకాశాన్ని మాత్రమే పోగొట్టుకుంటున్నారు.

హాస్టల్లో మార్చుకోవాల్సినవి చిన్నవే. బంకు మంచమైతే కింది బెర్తు. బాత్‌రూమ్ తలుపు దగ్గరికి వేసుకోవాలి గానీ గడియ పెట్టకూడదు. స్నానం బకెట్‌తోనో షవర్‌తోనో ఫర్వాలేదు, చెరువులో ఈతకు ఒంటరిగా దిగకూడదు. నిద్ర మాత్రం చిన్న విషయం కాదు. మీ అమ్మాయికి నిద్ర కూడా మందే అనుకోండి. పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లూ చదవడమనేది ఇక కుదరదు. సిలబస్ నెల ముందు మొదలుపెట్టాలి, ఇంజినీరింగ్ పిల్లలకు ఇది ఎంత కష్టమో నాకు తెలియక కాదు. శివరాత్రికి ఉపవాసం ఉంటే ఉండనివ్వండి, మాత్రకు కాసిని నీళ్లు తాగితే శివుడు ఏమీ అనుకోడు, జాగారం మాత్రం వద్దు. రాత్రి ప్రయాణపు బస్సుల్లో కూర్చుని నిద్ర లేకుండా ఊరికి రావడం కూడా తగ్గించండి, పగటి బస్సుకో రైలుకో రమ్మనండి. స్నేహితుల పార్టీల్లో మద్యం ముట్టుకోకూడదని మీరు చెబితే ‘నేను తాగనుగా’ అంటుంది, అయినా ఒకసారి చెప్పి ఉంచండి. టీవీ, ఫోన్ చూస్తే ఫిట్స్ వస్తాయన్నది అందరి విషయంలో నిజం కాదు. జేఎంఈ ఉన్నవాళ్లలో కొందరికి మెరిసే లైట్లు పడవు. ఈఈజీలో లైటు పరీక్షతో అది తెలుస్తుంది. ఫోన్‌తో అసలు గొడవ అది నిద్ర తినేయడమే.

మాత్రలు రోజూ ఒకే వేళకు. ఫోన్లో అలారం పెట్టుకోమనండి. అదుపులో ఉన్న ఫిట్స్ మళ్లీ రావడానికి అన్నిటికంటే ఎక్కువసార్లు కారణం మాత్ర మర్చిపోవడమే. మర్చిపోతే గుర్తురాగానే వేసుకోవాలి, తర్వాతి మాత్ర వేళ దగ్గరపడితే రెండూ కలిపి వేసుకోకూడదు. బ్యాగులో రెండు రోజుల మాత్రలు ఎప్పుడూ ఉండాలి. ఇంకో విషయం కూడా దాచకుండా చెప్పాలి. అదుపులో లేని పెద్ద ఫిట్స్ ఉన్నవాళ్లలో అరుదుగా నిద్రలోనే ప్రాణం పోవడం ఉంది. మూర్ఛ ఉన్న పెద్దవాళ్లు వెయ్యి మందిలో ఏడాదికి సుమారు ఒకరికి ఇలా జరుగుతుంది. ఫిట్స్ అదుపులో ఉంటే ఆ ప్రమాదం బాగా తగ్గిపోతుంది. భయపెట్టడానికి కాదు, ‘నెల రోజులుగా బాగానే ఉంది కదా’ అని మాత్రలు మానేయకుండా ఉండటానికి చెబుతున్నాను. జ్వరానికో ఒళ్లు నొప్పులకో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినా మూర్ఛ ఉందని ముందే చెప్పాలి. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర, సిప్రోఫ్లాక్సాసిన్ తరహా యాంటీబయాటిక్స్ ఫిట్స్‌ను రెచ్చగొట్టగలవు.

మీ మరిదిగారి అబ్బాయికి రెండేళ్లకే ఆపేశారన్నారు. మీ అమ్మాయికి అలా జరగకపోవచ్చు. ఆ అబ్బాయి రిపోర్టు నేను చూడలేదు గానీ, మన దేశంలో పిల్లలకు, కుర్రాళ్లకు ఫిట్స్ రావడానికి ఒక పెద్ద కారణం మెదడులో బద్దెపురుగు లార్వా (పిల్ల పురుగు) చేరి చిన్న గడ్డ కట్టడం. జనం దాన్ని ‘క్యాబేజీ పురుగు’ అంటారు, పాపం తప్పు ఒక్క క్యాబేజీది కాదు. కలుషితమైన నీళ్లు, సరిగా కడగని పచ్చి కూరలు, చేతులు కడుక్కోకుండా వండినవాళ్ల వల్ల ఆ పురుగు గుడ్లు కడుపులోకి వెళ్తాయి, శాకాహారులకూ వస్తుంది. అలాంటి గడ్డ కరిగిపోతే ఫిట్స్ మందును కొంతకాలానికి ఆపవచ్చు. జేఎంఈ తీరు వేరు. మందు వాడినంతకాలం ఏళ్ల తరబడి ఫిట్స్ ఉండవు, మందు తీసేస్తే మళ్లీ వచ్చేవాళ్లే ఎక్కువ. కొందరికి ముప్పై నలభై ఏళ్ల వయసు దాటాక నెమ్మదిగా ఆపి చూస్తారు. కాబట్టి ‘ఎన్నాళ్లు’ అన్న ప్రశ్నకు నా జవాబు ‘చాలా ఏళ్లు, బహుశా జీవితాంతం’. బీపీ మాత్ర వేసుకునేవాళ్లను మనం రోగిష్టివాళ్లని పక్కన పెట్టడం లేదు కదా.

రెండు సరైన మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగనివాళ్లు ఈ ఉత్తరం చదువుతుంటే వాళ్లకో మాట. మూడో నాలుగో మందు కోసం ఏళ్లు గడపకుండా, ఆపరేషన్‌కు పనికొస్తారేమో నిమ్స్‌లోనో, తిరువనంతపురం శ్రీచిత్రలోనో, బెంగళూరు నిమ్‌హాన్స్‌లోనో చూపించుకోండి.

ఇక పెళ్లి. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో, మూర్ఛ పదేపదే వచ్చేవాళ్లు పెళ్లికి తగరనే మాట ఉండేది. 1999లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించి ఆ మాట తీసేసింది, ప్రత్యేక వివాహ చట్టంలోంచీ తీసేసింది. అంటే మూర్ఛ ఉందన్న ఒక్క కారణంతో పెళ్లి చెల్లదనడానికి ఇప్పుడు ఆ నిబంధన లేదు. కానీ దాచిపెట్టి చేస్తే ‘మోసం చేసి ఒప్పించారు’ అని కోర్టుకెక్కడానికి దారి మీరే ఇచ్చినట్టవుతుంది.

చట్టం సంగతి అలా ఉంచండి, పెళ్లి రోజును ఒకసారి ఊహించుకోండి. ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి. పెళ్లికూతురు ముందురోజు నుంచి ఉపవాసం. మెహందీ, మంగళస్నానం, గౌరీపూజ, ఫొటోలవాళ్లు, కంటిమీద కునుకు లేదు. మాత్రల డబ్బా ఏ సూట్‌కేసులో ఉందో ఎవరికీ తెలియదు, తెలిసినా మగపెళ్లివారి ముందు తీయకూడదు. జేఎంఈ ఉన్న అమ్మాయికి ఫిట్స్ తెప్పించాలంటే ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. ఆ తర్వాత అత్తవారింట్లో పొద్దున లేచి ఎవరూ చూడకుండా మాత్ర మింగాలి. రెండు రోజులు కుదరదు, మూడో రోజు ఫిట్స్ వస్తాయి. ముందే చెప్పి చేసుకుంటే పగటి ముహూర్తం పెట్టించవచ్చు, రాత్రి ఏడెనిమిది గంటలు పడుకోనివ్వవచ్చు, ఉపవాసంలో పాలూ పళ్లూ ఇవ్వవచ్చు.

మొదటి చూపుల రోజే చెప్పాల్సిన పని లేదు. మాట ముందుకు సాగుతోందనిపించగానే, తాంబూలాలకు ముందు చెప్పాలి. అబ్బాయికి అమ్మాయే చెబితే మరీ మంచిది. అవతలివాళ్లకు సందేహాలుంటే మీ న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. కొన్ని సంబంధాలు తప్పిపోతాయి, ఆ మాట నేను దాచను. కానీ మాత్రను దాచుకుని వేసుకోవాల్సిన ఇంట్లో మీ అమ్మాయి ఎన్నాళ్లు బతుకుతుందో మీవారినే అడగండి. పిల్లలు పుడతారా అని అవతలివాళ్లు అడుగుతారు. పుడతారు. కేరళలో శ్రీచిత్ర సంస్థ 1998 నుంచి మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాలు ఓ రిజిస్ట్రీగా నమోదు చేస్తోంది, ఎక్కువమందికి ఆరోగ్యమైన పిల్లలే పుడుతున్నారు. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రలు, డాక్టరు పర్యవేక్షణ ఉంటే చాలు. తల్లి నుంచి బిడ్డకు మూర్ఛ వచ్చే అవకాశం కొద్దిగా ఉన్నా, ఎక్కువ శాతం పిల్లలకు రాదు. గర్భం అని తెలియగానే భయపడి మందులు మానేయడమే తల్లికీ బిడ్డకూ పెద్ద ప్రమాదం.

మీవారికి ఇంకో మాట చెప్పండి. 1992 ప్రపంచకప్‌లో గాల్లో ఎగిరి వికెట్లమీద పడి ఇంజమామ్‌ను రనౌట్ చేసిన జాంటీ రోడ్స్ ఆయనకు గుర్తుండే ఉంటాడు. ఆయనకు మూర్ఛ ఉంది, దాచిపెట్టలేదు.

ఇంత పెద్ద ఉత్తరంలో మీరు ఏమనుకుంటున్నారో, ఆడపడుచు ఏమంటోందో, మీవారు ఏమంటున్నారో ఉంది. అమ్మాయి ఏమంటోందో, స్కూటీ గొడవ తప్ప, ఒక్క ముక్క లేదు. కాలేజీలో పడిపోతే నలుగురూ చూస్తారని భయపడుతోందా, అన్నం సరిగా తింటోందా, నిద్రపోతోందా? మూర్ఛ ఉన్న పిల్లల్లో దిగులు తరచుగా కనబడుతుంది, ఇందాక చెప్పినట్టు ఒక మందు దాన్ని పెంచొచ్చు కూడా. అడగండి. మీకు చెప్పకపోతే డాక్టరుతో కాసేపు ఒంటరిగా మాట్లాడనివ్వండి.

స్కూటీ కొనివ్వకండి. లైసెన్స్‌కు దరఖాస్తు చేసేటప్పుడు మూర్ఛ గానీ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గానీ ఉందా అని ఫారం 1లో అడుగుతారు, సంతకం చేసి ఇవ్వాలి. ఉందంటే మన నిబంధనల ప్రకారం లైసెన్స్ రాదు. బ్రిటన్ లాంటి చోట్ల ఏడాదిపాటు ఫిట్స్ లేకపోతే కారు నడపనిస్తారు. మన దగ్గరా అలాంటి ఏర్పాటు ఉంటే, లైసెన్స్ పోతుందని జబ్బు దాచేవాళ్లు తగ్గుతారని నా అభిప్రాయం. అది వచ్చేదాకా మెట్రో, బస్సు, స్నేహితురాలి బండి వెనక సీటు. పొద్దున తొమ్మిది గంటల కాలేజీకి స్కూటీ మీద వెళ్లే వేళ, ఆమెకు చేతులు అదిరే వేళ దాదాపు ఒకటే. హ్యాండిల్ పట్టుకున్న చేయి కుదిపితే ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. మీరు చెబితే వినకపోవచ్చు. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ప్రశ్న తననే అడగమనండి.